చెట్టుకు ఆనించిన స్క్రూడ్రైవరు

మా తాతయ్య చెవి రిక్కించాడంటే చీమ దగ్గినా వినపడుతుంది. పక్క వీధిలో పువ్వు విచ్చుకుంటే ఇక్కడ మంచం మీద లేచి కూర్చుంటాడు. పైన రెండు మబ్బులు రాసుకుంటే చాలు, "ఆరేసిన బట్టలు తీయండే" అని కేకేస్తాడు. ఇది మా ఇంట్లో పుట్టిన గొప్ప కాదు, ఊళ్ళో అందరూ అనుకునేదే. అక్షరం పొల్లుపోకుండా నమ్మే మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఆయనే మా తాతయ్య.

నమ్మడానికి కారణం లేకపోలేదు. నలభై ఏళ్ళు నీళ్ళ మోటార్లు బాగుచేశాడు. మోటారు విప్పే ముందు, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను దాని ఒంటికి ఆనించి, చెక్కపిడిని చెవి వెనక ఎముకకు నొక్కి కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి "బేరింగు అరిగింది" అనో, "లోపల రాయి ఇరుక్కుంది" అనో అనేవాడు. విప్పి చూస్తే అదే. రిపేరు షెడ్డు మూసేశాక కూడా ఆ స్క్రూడ్రైవరు ఆయన భుజానికి వేలాడే సంచీలోనే ఉంది. అమ్మమ్మ దాన్ని సవతి అంటుంది.

షెడ్డు మూసిన ఏడాదే, లైబ్రరీలో పనిచేసే అమ్మాయి గోడకు ఒక కాగితం అంటించింది. "వినికిడి నడక. నెలలో మొదటి ఆదివారం, తెల్లవారగానే, కాలువ గట్టు మీద. అందరూ రావచ్చు." గట్టు మీద ఎవరూ మాట్లాడకూడదు. ముందు నడిచే మనిషి పిట్ట కూత వినగానే చెయ్యెత్తి, అది ఏ పిట్టో మెల్లగా చెప్పాలి. ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంటుంది. ఏడాది చివర ఆ లెక్క లైబ్రరీ గోడకెక్కుతుంది. గట్టును చూసుకునే తోటపనివాళ్ళు దాన్ని చూసే ఏ పొద ఉంచాలో, ఏది నరకాలో తేల్చుకుంటారు.

ముందు నడవడానికి మా తాతయ్య కాక ఇంకెవరు? ఆరేళ్ళుగా ఆయనే. ఆ ఆదివారాల్లో ఆయన నడుస్తుంటే మేల్కొని నడుస్తున్నట్టు ఉండదు. పొగమంచు కాలువ మీంచి లేచి మోకాళ్ళ దాకా వస్తుంది. వెనక పదిమంది అడుగుల చప్పుడు దూదిలో పడ్డట్టు మెత్తబడుతుంది. ఆయన చెయ్యి దానంతటదే లేస్తుంది, దిగుతుంది. మూడో దీపస్తంభం దగ్గర పొదలో తేనెపిట్ట ఉంటుంది. దాని కూత సూది మొనంత సన్నం. ఆ స్తంభం దగ్గరికి రాగానే అది ఆయన తలలో మోగుతుంది. అది వినపడుతోందా, గుర్తుకొస్తోందా అని ఆయన ఎన్నడూ తనను తాను అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందో రెండేళ్ళుగా తెలుసు కాబట్టే అడగలేదు.

మొన్నామధ్య ఒక ఆదివారం కూడా మూడో స్తంభం దగ్గర చెయ్యెత్తాడు. "తేనెపిట్ట," అన్నాడు.

ఓరగా చూస్తే, ఆ అమ్మాయి పెన్ను కదలలేదు.

తాతయ్య గతుక్కుమన్నాడు. మంచు కొంచెం పక్కకు జరిగింది. స్తంభం పక్కన పొద లేదు. తెల్లగా, జానెడు మొదళ్ళు మాత్రం ఉన్నాయి.

"ఏం బావగారూ, పిట్టను సంచీలో తెచ్చుకున్నారా?" అని వెనక నుంచి గుసగుసలాడాడు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకు మనుషుల తప్పులు దిద్దడమే పని.

"పోయిన వారమే కొట్టేశారండీ తాతగారూ," అంది ఆ అమ్మాయి, ఆయన మొహం చూడకుండా. "లెక్కలో తేనెపిట్టలు బోలెడున్నాయి కదా, ఒక్క పొద పోతే ఏంలే అనుకున్నారు."

తాతయ్య ముందుకు నడిచాడు. ఆ తర్వాత చెయ్యి ఎత్తలేదు. మిగతా దారిలో ఎన్ని కూశాయో, పాపం, ఎవరూ రాసుకోలేదు.

గట్టు చివర ఒక ఎండిన చెట్టు ఉంది. అక్కడ కాసేపు ఆగడం అలవాటు. అందరూ ఫ్లాస్కులు తీశారు. తాతయ్య దాని మొదట్లో కూలబడ్డాడు. కష్టం వస్తే కొందరి చెయ్యి నుదుటికి పోతుంది, ఆయన చెయ్యి సంచీలోకి పోయింది. ఎందుకో ఏమిటో, స్క్రూడ్రైవరు మొనను మానుకు ఆనించి, పిడిని చెవి వెనక నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

ముందు ఏమీ లేదు. తర్వాత, ఎక్కడో లోతున, గీకినట్టు. ఆగింది. మళ్ళీ గీకుడు, ఒకదాని మీద ఒకటి దొర్లినట్టు మెత్తని తాకుళ్ళు. ఎండిన చెట్టు కడుపులో ఏదో ఇల్లు సర్దుకుంటోంది.

"లోపల ఎవరో ఉన్నారు," అన్నాడు.

"బేరింగు పోయిందా?" అన్నాడు మాస్టారు.

"విను ముందు."

మాస్టారు విన్నాడు. జీవితంలో మొదటిసారి ఏమీ దిద్దలేదు. ఆ అమ్మాయి విన్నది. ఒకరి తర్వాత ఒకరు స్క్రూడ్రైవరు అందుకుంటుండగా, వడ్రంగిపిట్ట ఒకటి నోట్లో పురుగుతో వచ్చి పైనున్న తొర్రలో తల దూర్చింది. పిడి పట్టుకున్నావిడ నవ్వడం మొదలుపెట్టింది. లోపల పెద్ద గోలట.

"తాతగారూ, ఇలాంటిది బుక్కులో ఎప్పుడూ రాయలేదు," అని పెన్ను తీసింది ఆ అమ్మాయి.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆయన ముందు నడక ఆయనకే ఉండేది. పిట్ట లేని పొద సంగతి అందరూ మరిచిపోయేవాళ్ళు.

"అది తర్వాత రాద్దువు గాని. ముందు పేజీలు వెనక్కి తిప్పమ్మా," అన్నాడు. "ఇంకా. రెండేళ్ళు వెనక్కి. తేనెపిట్ట అని ఉన్నవన్నీ కొట్టెయ్."

"అన్నీనా?"

"అన్నీ. అంత సన్నగొంతు నాకు వినపడదు. స్తంభం చూసి చెయ్యెత్తాను. ఆ పొదను నరికింది వాళ్ళు కాదు, నేను."

ఆ అమ్మాయి స్కేలు పెట్టి ఒక్కొక్క గీతే గీసింది. తాతయ్య పక్కనే నిలబడి, మోటారు విప్పేటప్పుడు మరలు చూసినట్టు, ఒక్కటి కూడా తప్పిపోకుండా చూశాడు.

"వచ్చే నెల నుంచి నువ్వు ముందు నడువు," అన్నాడు చివరికి.

"మరి మీరు?"

"వెనకొస్తా. మానులన్నీ వింటూ రావాలిగా, ఆలస్యమవుతుంది."

ఇంటికొచ్చి సంగతంతా చెప్తే అమ్మమ్మ ఆశ్చర్యపోలేదు. "రెండేళ్ళ నుంచి నేను అరుస్తుంటే తెలీడం లేదా?" అంది. ఆ సాయంత్రం సవతి పిడికి నూనె పట్టించింది మాత్రం ఆవిడే.

నరికిన మొదళ్ళ జోలికి ఇక వెళ్ళబోమని తోటపనివాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పటికి రెండు చిగుళ్ళు వచ్చాయి. తాతయ్య వాటి దగ్గర కూడా ఆగి స్క్రూడ్రైవరు ఆనిస్తాడు. ఏం వినపడుతుందో చెప్పడు.

ఇదంతా రాసి, ఆయన పక్కన కూర్చుని, గొంతు పెంచి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. బాగుందా తాతయ్యా అని అడిగాను.

"చీమ దగ్గదు," అన్నాడు. "కొట్టెయ్."