బంతి దగ్గర ఆగని మనిషి

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మా అన్నయ్య అప్పలరాజు బంతి మీదికి కర్ర ఎత్తి, కొట్టకుండా దించాడు. చిన్నప్పట్నించీ ఆ మనిషి ఆట చూస్తున్నాను. ఎత్తిన కర్ర దించడం ఎన్నడూ చూడలేదు. సాయంత్రానికి అన్నయ్య లేడు. పిల్లల్ని పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. ఇంకా నమ్మకం కుదరడం లేదు.

గోల్ఫ్ తెలియనివారికి ఒక మాట. మన బహ్రెయిన్ మైదానంలో గడ్డి ఉండదు, అంతా ఇసుకే. ఆటగాడు చిన్న ప్లాస్టిక్ గడ్డి చాప వెంట పట్టుకు తిరుగుతాడు. బంతి ఆగినచోట చాప పరిచి, దాని మీంచి కొడతాడు. గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుకని అద్దంలా ఊడ్చి ఉంచుతారు. అన్నయ్య అక్కడ జీతానికి ఆట నేర్పే ప్రొఫెషనల్, పోటీలూ ఆడేవాడు. విశాఖపట్నంలో పెద్దవాళ్ళ గోల్ఫ్ కర్రల సంచులు మోస్తూ, వాళ్ళు చూడనప్పుడు కొట్టి పట్టుకున్న విద్య అది.

అన్నయ్య ఆటంతా చాప, బంతి, ఒక చూపు, ఒక ఊపు. అంతే. "ఆలోచనంతా నడకలోనే అయిపోవాల. బంతి దగ్గర ఆగినోడు ఆలోచించట్లేదే, జడుస్తన్నాడు" అనేవాడు.

ఒక బ్యాంకు పెద్దమనిషి ఆట నేర్చుకోడానికి వచ్చి, కొట్టేముందు గాల్లోనే కర్ర తిప్పుతూ ఉంటే, అన్నయ్య చేతులు కట్టుకుని, "సార్, బంతికి మీ మీద అనుమానం వచ్చేసింది" అన్నాడట. ఆయన నవ్వాడు గానీ మళ్ళీ రాలేదు. నన్నూ వదల్లేదు. ముహర్రఖ్ మార్కెట్లో నేను వంకాయలు తిప్పితిప్పి చూస్తుంటే, "ఏటే, జాతకాలు చూస్తన్నావా? నువ్వు గోల్ఫ్ ఆడితే మొదటి గుంత కాడే ఎండాకాలం వచ్చేస్తాది" అనేవాడు.

ఇప్పటి ప్రొఫెషనల్ ఆటగాళ్ళకి నత్తనడక ఒక హోదా. భయానికి ఏకాగ్రత అని పేరు పెట్టుకున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు దాన్ని తపస్సుగా ఆరాధిస్తారు. మైదానం కమిటీ వాళ్ళకి అన్నయ్య వేగం అమర్యాదగా తోచింది. "అప్పలరాజు భాయ్, ఓపిక నేర్చుకో. అతిథులు కంగారు పడుతున్నారు. లేకపోతే కాంట్రాక్టు విషయం ఆలోచించాల్సి వస్తుంది" అని చెప్పేశారు. ఇంటికొచ్చి, "బంతి పిల్లయ్యేదాకా పొదగమంటన్నారు బావా" అని మా వారితో నవ్వాడు.

శుక్రవారం పోటీ చూడ్డానికి పిల్లలతో సహా వెళ్ళాం. ఆయనకి జోడీగా పడినవాడు పైదేశం నించి వచ్చిన పేరున్న ఆటగాడు. చాపని పెళ్ళిపీటలా సర్దుతాడు, ఎత్తుతాడు, మళ్ళీ సర్దుతాడు. ఆ ఎండలో అన్నయ్య ప్రతిచోటా నిలబడే ఉన్నాడు. చివరికి తన వంతు వచ్చినప్పుడు కర్ర ఎత్తి దించాడు. నా వెనకున్న కమిటీ ఆయన "శభాష్! ఇన్నాళ్ళకి నిదానం వచ్చింది" అని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. మా వారూ కొట్టారు.

"చూశావా, మీ అన్న మారాడు."

"మారలేదండీ. ఏదో అయింది."

అన్నయ్య కొట్టాడు. బంతి నాలుగడుగులు దొర్లింది. ఆయన చాప మీదే కూర్చుండిపోయాడు. "అన్నయ్యా!" అని అరిచాను. నిశ్శబ్దం అని రాసిన అట్ట పట్టుకున్నవాడు, "ష్... మేడమ్, ప్లేయర్ ఆడుతున్నాడు" అన్నాడు. అవతల ఆ మహానుభావుడు గుంత దగ్గర గొంతుక్కూర్చుని, అద్దంలా ఊడ్చిన ఇసుకలో ఏటవాలు వెతుకుతున్నాడు. ఒక కన్ను మూశాడు. లేచి అటు వెళ్ళి, అటునించీ చూశాడు. మనిషి కూలిపోతే కదలనివాళ్ళు, నేను చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు కింద దూరి పరిగెడితే మాత్రం ఒక్కటై బుస కొట్టారు.

నా చెయ్యి పట్టుకుని అన్నయ్య అన్న ఆఖరి మాట: "ఇంకా కొట్టలేదేటే ఆడు?"

ఆ తర్వాత సంతాప సభ పెట్టారు. చివరి ఆటలో ఆయన పరిణతి సాధించారని కమిటీ ఆయన గద్గదంగా చెప్పాడు. అయ్యా, అది పరిణతి కాదు, గుండెపోటు. మీ మర్యాద ఒక మనిషి ప్రాణం కంటే ఎక్కువసేపు నిలబడింది. దాన్ని మీరే దాచుకోండి. మాకు పోయింది సంకోచమెరగని ఒక లయ. ఆ చేతిని తయారుచెయ్యడం ఏ కమిటీ తరమూ కాదు. అన్నయ్యకి నా నమస్కారం.

ఆయన పోయిన మర్నాడు పొద్దున్న పిల్లలిద్దరూ లేచి మంచం మీదే కూర్చున్నారు. "నాన్న చప్పట్లు కొట్టారని నేనూ కొట్టాను. మామయ్యకి కోపం వచ్చిందా అమ్మా?" అంది పెద్దది.

"లేదు తల్లీ, నీకు తెలీదు కదా" అన్నాను. తర్వాత ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని చెప్పాను: "ఎప్పుడూ ఆగనివాళ్ళు ఆగితే చప్పట్లు కొట్టకండి. దగ్గరికెళ్ళి ఏమైందని అడగండి. ఎవరు ష్ అన్నా సరే, అరవండి."