తప్పిపోనన్న గొర్రె

సినిమాలో దీపం ఆరిపోతే ఇంటి పెద్దాయన పోయినట్టు. రెండు పూలు తలలు ఆనించుకుంటే పెళ్లి ఖాయమైనట్టు. ఈ భాష నాకు చిన్నప్పుడే వచ్చు. ఎక్కడ నేర్చుకున్నానని మా చర్చి సంఘంలో ఎవరూ అడగకపోతే చాలు. సినిమా హాలు మెట్లెక్కడం తప్పని నమ్మే ఇంట్లో పెరిగాను. అయినా వీధిలో తెర కట్టి బొమ్మ ఆడిస్తుంటే కళ్లు మూసుకుని దాటి రావడం ఎవరి తరం? ఆదివారం ప్రసంగంలో విత్తనం అంటే వాక్యం, ముళ్లు అంటే లోక చింతలు అని వినేదాన్ని. నాకు రెండూ ఒకే బడిలా తోచేవి. చూపించేది ఒకటి, చెప్పేది ఇంకొకటి.

అందుకే ఈ ఏడు కోత పండుగకు మన సంఘమే ఒక చిన్న సినిమా తీస్తే ఎలా ఉంటుందని అయ్యగారు అడగ్గానే నేను లేచి నిలబడ్డాను. మా పాస్టరు గారిని మేం అయ్యగారనే అంటాం. సండే స్కూలు పిల్లల చేత ఏటా క్రిస్మస్ నాటికలు వేయించిన ధైర్యం నాది. కథ కూడా అక్కడికక్కడే చెప్పేశాను. తప్పిపోయిన గొర్రె. మందనంతా విడిచి, తప్పిపోయిన ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్లే కాపరి గురించి యేసు చెప్పిన కథ.

ఆ ఎంపికలో నా స్వార్థం ఉంది. మా అన్న రెండేళ్లుగా చర్చికి రావడం లేదు.

కోత పండుగ రోజు ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు దేవుని సన్నిధికి తెస్తారు. వడ్ల బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, చెరువున్నవాళ్లయితే రొయ్యలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మా ఊళ్లో ఎక్కడా రాయని నియమం ఒకటుంది. ముద్దుగా పెంచుకున్న ప్రాణిని ఎవరైనా తెచ్చి, వేలంలో తామే పాడుకుంటే, ఇంకొకరు పోటీకి రారు. దేవునికి ఇచ్చినట్టూ ఉంటుంది, ఇంటికి తెచ్చుకున్నట్టూ ఉంటుంది. మా అన్న ఏటా తన పొట్టేలును అలాగే తెచ్చి, తానే పాడుకుని, ఇంటికి తోలుకుపోయేవాడు.

రెండేళ్ల కిందట అయ్యగారు గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చారు. ఆ ఏడు వేలంలో అన్న జేబు తడుముకుంటూ ఉండగానే, మా నియమం తెలియని బయటూరి విశ్వాసి ఒకాయన ఉత్సాహంగా పాట పెట్టాడు. "ఒకటోసారి రెండోసారి మూడోసారి" అని అయ్యగారు ఊపిరి తీసుకోకుండా కొట్టేశారు. ఆ విశ్వాసి ఇంకా ఉత్సాహంగా పొట్టేలును సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకు ఇచ్చేశాడు. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నాక గాని అన్నకు సంగతి తెలియలేదు. లేచి వెళ్లినవాడు మళ్లీ చర్చి గేటు దాటలేదు. పక్క వీధిలో ఉన్న నా ఇంటికీ రాలేదు. ఆ రోజు వడ్డించింది నేను.

ఇప్పుడు సినిమాకు గొర్రెలు కావాలి. ఊళ్లో మంద ఉన్నది మా అన్నకే.

వెళ్లేసరికి వసారాలో కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర ఒక గొర్రెపిల్ల పడుకుని ఉంది. తల్లి చచ్చిపోతే వదిన సీసా పాలు పట్టి పెంచిన పిల్ల అది.

"ఏంది పాపా, దోవ తప్పినావా?"

"గొర్రెలు కావాలన్నా."

"మళ్లీనా? పోయిన తూరి రుచి ఇంకా నోట్లోనే ఉండాదా?"

"తినేదానికి కాదన్నా. సినిమాకి."

కథ చెప్పాను. అంతా విని తలాడించాడు.

"అంటే తప్పిపోయినోణ్ణి నేను."

"నేనట్టా అన్నానా?"

"అనలా. గొర్రె మీద పెట్టి చూపిస్తా ఉండావు. నేనేం తప్పిపోలా పాపా. యాడుండానో నాకు తెలుసు. ఈ వసారాలోనే ఉండా. దోవ మర్చిపోయింది మీరు."

లోపలి నుంచి వదిన కేకేసింది. "ఇచ్చి పంపీబ్బా! గొర్రెలన్నా అట్టా తిరిగొస్తాయి. నువ్వెట్టాగూ కదలవు."

"ఇస్తా. మందతో నేనూ వస్తా. మీ చేతికిచ్చి మళ్లీ కూరగిన్నెలో చూసుకోలేను." లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఒకటి చెప్తా విను. మీకు గొర్రె అంటే ఇంకేందో. నాకు గొర్రె అంటే గొర్రే."

తోటపల్లి గూడూరు దారిలో కోతలైన పొలాలను ఎంచుకున్నాం. వాటి వెనక రొయ్యల చెరువులు. కెమెరా పట్టింది వెంకటాచలంలో పెళ్లిళ్లకు వీడియో తీసే ఆయన. డ్రోను కూడా తెచ్చాడు. దిగీ దిగగానే, "అక్కా, పెళ్లికొడుకు యాడ?" అని అడిగి, నాలుక కరుచుకుని, "అదే, హీరో" అన్నాడు.

హీరో మా పాటల బృందంలో డోలక్ వాయించే ఆయన. కాపరి అంగీ కోసం చర్చి కిటికీ కర్టెన్ ఒకటి విప్పి కట్టాం. ఆయన చేతికర్ర పట్టుకుని పిలిచాడు. మంద ఆ కర్టెన్ చూసి బెదిరి, ఒక్క ఉదుటున వెళ్లి మా అన్న వెనక దాక్కుంది. డోలక్ ఆయన పాట పాడి చూశాడు. ఇంకాస్త వెనక్కి వెళ్లాయి. చివరికి కర్టెన్ మా అన్నే కట్టుకోవాల్సి వచ్చింది. ఎవరి కోసం ఈ కథ ఎంచుకున్నానో ఆ తప్పిపోయినవాడే కాపరి అయిపోయాడు.

అయ్యగారు కెమెరా తెరలోకి వంగి చూస్తూ ప్రతిదానికీ అర్థం వెతుకుతున్నారు.

"అమ్మా, ఆ వెనక కరెంటు స్తంభం దేనికి సూచనండి?"

"దేనికీ కాదయ్యగారూ. అది అక్కడుంది."

"శిలువలా ఉంది కదండీ. ఉంచేద్దాం. మరి చెరువులో తిరుగుతున్న ఆ చక్రాలు?"

"రొయ్యలకు గాలి కోసం."

"ఆత్మ కూడా గాలిలాంటిదేనండి," అని సంతోషపడ్డారు.

ఇక తప్పిపోవలసిన గొర్రె. సీసా పాల పిల్లను తీసుకెళ్లి సర్కారు తుమ్మ పొదలో వదిలేవాళ్లం. వదిలినవాడు వెనక్కి వచ్చేలోపే అది వచ్చి కెమెరా కాళ్లు నాకేది. మనుషుల చేతి పాలు తాగిన పిల్లకు తప్పిపోవడం రాదు. ఆఖరికి పొదలో వదిన చేత సీసా పట్టించి, వదినను కొమ్మల చాటున కూర్చోబెట్టి ఆ ముక్క తీశాం. తెర మీద చూస్తే పిల్ల దీనంగా ముళ్లలో చిక్కినట్టే ఉంది. నిజానికి అది భోంచేస్తోంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. కాపరి మందను విడిచి, ఆ ఒక్కదాని కోసం ఒంటరిగా వెళ్లాలి. అన్న నడిచాడు. మంద మొత్తం వెనకే నడిచింది. ఆగాడు, అన్నీ ఆగాయి. మళ్లీ అడుగేశాడు, మళ్లీ కదిలాయి.

"అన్నా, మీరొక్కరే పోవాల," అన్నాడు వీడియో ఆయన.

"నేనొక్కణ్ణే పోతా ఉండా. వాటికి చెప్పు."

గొర్రెను చేసినవాడికి గొర్రె మీద ఉపమానం చెప్పడం చెల్లింది. చెప్పే కథలో గొర్రె మాట వింటుంది. తీసే కథలో వినదు. మాకు పొద్దు వాలిపోతోంది. ఇక చేసేదేమీ లేక డ్రోను పైకి లేపమన్నాను. కింద వరి మోళ్ల మధ్య కర్టెన్ కట్టుకున్న మనిషి ఒకడు, అతని వెనక గోధుమరంగు తాడులా సాగిపోతున్న మంద, దూరంగా ముళ్లపొదలో ఒక్క పిల్ల.

"వాక్యంలో విడిచి వెళ్లాడని ఉందమ్మా," అన్నారు అయ్యగారు, బాధగా.

ఆ గట్టు మీదే నేను ఆయనకు పొట్టేలు సంగతి చెప్పేశాను.

"అందుకా రావట్లేదు! నేను సిద్ధాంత భేదం అనుకున్నానండి. రెండేళ్లుగా దాని మీదే ప్రసంగాలు చేస్తున్నాను." మంద వైపు తిరిగారు. "ఆ బొమ్మ అలాగే ఉంచండి," అన్నారు.

పండుగ రోజు చర్చి ఆవరణలో పెళ్లిళ్లకు పెట్టే పెద్ద తెర పెట్టాం. అన్న వచ్చాడు. గేటు బయటే, బండి మీద. "నా గొర్రెలు ఎట్టా పడినాయో చూసి పోతా," అన్నాడు. బండి మీద ముందు సీసా పాల పిల్ల. సండే స్కూలు పిల్లలు ఊరుకుంటారా? సినిమా తారను ఎత్తుకుపోయి, మెళ్లో బంతిపూల దండ వేసి, లోపలంతా తిప్పారు.

సినిమా నడిచింది. కర్టెన్‌ను గుర్తుపట్టి ఆడవాళ్లు నవ్వారు. మంద మొత్తం కదిలిన చోట ముందు వరసలో ఒక పెద్దావిడ, "ఒక్కదాని కోసం అన్నీ కదిలినాయే," అంది. ఆవిడ ఆ మాట తెరను చూస్తూ అనలేదు. గేటు వైపు చూస్తూ అంది.

తర్వాత వేలం. వడ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. అయ్యగారు అటూ ఇటూ చూసి, పిల్లల చేతుల్లోంచి దండతో ఉన్న గొర్రెపిల్లను ఎత్తి పట్టుకున్నారు. "ఇదిగో, ఈ గొర్రెపిల్ల!"

అన్న బండి దిగాడు. గేటు లోపలికి అడుగేశాడు.

"నా పాట!" అని అరిచాడు. ఎంతకని కూడా చెప్పలేదు.

మా సంఘంలో ఒక్కరూ పోటీకి రాలేదు. బయటూరి చుట్టం ఒకడు చెయ్యెత్తబోతే పక్కనున్నావిడ ఆ చేతిని పట్టి ఒళ్లో పెట్టేసింది.

"ఒకటోసారి రెండోసారి మూడోసారి!" అయ్యగారు ఊపిరి తీసుకోలేదు. అదే వేగం. నడిచి వెళ్లి పిల్లను అన్న చేతుల్లో పెట్టి, "వందనాలండి," అన్నారు. ప్రతి దానికీ అర్థం చెప్పే మనిషి ఇంకొక్క మాట కలపలేదు.

"వేలం నేర్చుకునేదానికి రెండేండ్లు పట్టింది మీకు," అన్నాడు అన్న.

ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"పాపా, పొయ్యి మీద ఏముండాది?"

"కోడి, అన్నా."

"ఎవురి కోడి?"

"బజారుది."

గొర్రెపిల్లను చంకలో సర్దుకుని భోజనాల బంతిలో ఖాళీ చోటు చూసుకున్నాడు.

"అయితే విస్తరెయ్యి."