ఎండకు విరిగిన రంగు

ముప్పై ఏళ్లు అద్దకం షెడ్డులో పనిచేసిన మేస్త్రికి ఎంత తోముకున్నా మోచేతుల దాకా నీలం వదిలేది కాదు. అందరూ ఆయన్ని నీలం మేస్త్రి అనేవారు. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు. షెడ్డు వెనక వీధిలో ఉండే వదిన ఒకరోజు బిందెడు బావినీళ్లు తెచ్చి ముందు పెట్టినప్పుడు మాత్రం తన మీద తనకే కోపం వచ్చింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న మీ షెడ్డులో ఏ రంగు వేశారో నన్నడుగు మరిదీ, చెప్తా" అంది వదిన.

ఆయనకు నవ్వు రాలేదు.

ఆ నెలలోనే, కాలేజీలో పరిశోధన చేసే ఒక అమ్మాయి షెడ్డుకు వచ్చింది. ఆమె తెచ్చిన తెల్లటి పొడిలోని నానో రేణువులు కంటికి ఆనవు. ఎండ తగిలితే అవి నీళ్లలోని రంగును ముక్కలు చేస్తాయట, తాము మాత్రం అరిగిపోవట. గాజు గ్లాసులో చేసి చూపించింది. మధ్యాహ్నానికి ఎర్రనీళ్లు తేటపడ్డాయి.

షెడ్డు తొట్టిలో మాత్రం పాచిక పారలేదు. నాలుగు రోజులైనా రంగు అలాగే ఉంది. యజమాని పెదవి విరిచాడు. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

మేస్త్రి గట్టున కూర్చుని తొట్టిలో చెయ్యి ముంచాడు. మణికట్టు దాటేసరికి వేళ్లు కనిపించలేదు.

"నా వేళ్లకే వెలుగు లేదమ్మాయ్. అడుగునున్న నీ పొడికి ఎండెక్కడ తగులుతుంది?"

"అయితే పల్చగా పారించాలంటారా బాబాయ్?"

"పొడిని పలకలకి అంటించి, నీళ్లని వాటి మీద జారనిద్దాం. అంటించే పని నాకొదిలెయ్. ఇన్నేళ్లూ బట్టకి రంగు అంటించే కదా బతికాను."

అదీ అంత తేలిగ్గా జరగలేదు. మొదటిసారి పూసిన పొడి పూట తిరక్కుండానే కొట్టుకుపోయింది. రెండోసారి జిగురెక్కువై పొడినే కప్పేసింది. చివరికి గరుకు పెంకులకు పూసి, బట్టీలో సన్న సెగకు కాల్చాక పట్టు దొరికింది. వాటిని ఎండలో ఏటవాలుగా పరిచి, మోటారుతో నీళ్లను తిప్పితిప్పి పారించారు. మూడోరోజు సాయంత్రం కిందికి దిగిన నీళ్లలో రంగు లేదు.

మేస్త్రి దోసిలి పట్టబోతే అమ్మాయి ఆపింది.

"ఆగండి బాబాయ్. రంగు పోయినంత మాత్రాన మంచినీళ్లయినట్టు కాదు. పరీక్ష చెయ్యాలి."

పరీక్షలో రంగు తాలూకు ముక్కలు కూడా దాదాపు మిగల్లేదని తేలింది. అద్దకంలో కలిపే ఉప్పు మాత్రం అలాగే ఉంది. తాగడానికి పనికిరావు కానీ, మళ్లీ అద్దకానికి వాడుకోవచ్చు. యజమానికి ఆ మాట చాలింది. రంగునీళ్లను బయటి కాలువలోకి వదిలే గొట్టం మూయించాడు. వదిన బావి తేటపడటానికి ఏడాదిన్నర పట్టింది.

ఇప్పుడు పక్క షెడ్లవాళ్లు పిలిస్తే మేస్త్రి వెళ్లి పెంకులు పూయడం నేర్పుతున్నాడు. మబ్బు పట్టిన రోజు పని సాగదని ముందే చెప్పేస్తాడు. ఆ రోజులకు దీపాలతో ఏమైనా చెయ్యొచ్చేమో చూద్దామని అమ్మాయి అంది. అందుకే సెలవు రోజున ఆమె ప్రయోగశాలకు వెళ్లి, స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంటున్నాడు.