మహజరు కింద నా సంతకం

మా చర్చి సంఘంలో ఆయన్ని అందరూ మిలిటరీ అన్న అనేవారు. సైన్యంలో గాయపడినవాళ్ళకు కట్లు కట్టే ఉద్యోగం చేసి, పెన్షన్ మీద బళ్ళారికి తిరిగొచ్చి, ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో డ్రెస్సర్‌గా చేరాడు. మా అమ్మకు షుగరు వల్ల కాలికి పుండు లేచినప్పుడు, డ్యూటీకి పోయేముందు రోజూ మా ఇంటికి వచ్చి కట్టు మార్చిపోయేవాడు. అలా నాలుగు నెలలు. ఒక గ్లాసు కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఈ సంగతి ముందే చెప్పాలి. నేను సంతకం పెట్టింది ఎవరో తెలియని మనిషి మీద కాదు.

నేను రూపనగుడి దారిలో ఒక ఊళ్ళో ప్రభుత్వ బడిలో టీచర్‌గా పనిచేశాను. ఇంట్లో, చర్చిలో మాట్లాడేది తెలుగైనా బడిలో నేను చెప్పింది కన్నడం. ఒకసారి ఆయన మా బడికి కూడా వచ్చాడు. దెబ్బ తగిలితే ఏం చేయాలో పిల్లలకు చూపించాడు. చేతిలో గోధుమరంగు అట్ట వేసిన పాత నోటుబుక్కు ఉండింది. శిక్షణలో ఉన్నప్పుడు తన చేత్తో రాసుకున్నది. రక్తం ఆపడం ఎలా, విరిగిన చెయ్యి కదలకుండా కట్టడం ఎలా, ఆ పాఠాల తర్వాత చివర్లో రెండు మూడు పేజీలు యుద్ధంలో చేయకూడని పనులు. ఆస్పత్రిని కొట్టకూడదు, లొంగిపోయినవాణ్ణి చంపకూడదు, గాయపడినవాడు ఏ దేశంవాడైనా మోసుకు రావాలి. పిల్లలు నోళ్ళు తెరుచుకొని విన్నారు.

ఆ జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. టీవీ పెడితే సైరన్లు, మ్యాపులు, అరుపులు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు జవాన్ల కోసం ప్రార్థించి, ఇంకెవరైనా ప్రార్థన చేస్తారా అని అడిగారు. మిలిటరీ అన్న లేచాడు.

"మన జవాన్లు క్షేమంగా ఇండ్లకు రావాల తండ్రీ. ఆ పక్క ఉండే పసిపిల్లోల్లు, ఆస్పత్రుల్లో పండుకోనుండేవోల్లు, వాళ్ళను గూడా కాపాడు. యుద్ధానికి గూడా ఒక కట్టుబాటు ఉండాదని మాకు నేర్పిచ్చినారు. గాయమై కిందపడినోడు శత్రువు గాదని నేర్పిచ్చినారు. ఆ కట్టుబాటు ఎవురూ దాటకుండా చూడు."

అందరం ఆమెన్ అన్నాం. నేను గట్టిగానే అన్నాను.

ఎవరో ఫోన్లో పట్టారు. మంగళవారానికి అది అందరి ఫోన్లలో తిరుగుతూ ఉంది. జవాన్ల మాట తీసేశారు, కట్టుబాటు మాట తీసేశారు. మిగిలింది ఒక్క వాక్యం, ఆ పక్క వాళ్ళను కాపాడమనేది. బుధవారం నర్సింగ్ హోమ్ ముందు కొందరు చేరి గొడవ చేశారు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకుపోయారు. దేశానికి వ్యతిరేకంగా జనాన్ని రెచ్చగొట్టాడని కేసు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక ఒక హెడ్ కానిస్టేబులు మా బడికి వచ్చాడు. "సాహేబ్రు కరీతారె మేడం, ఎస్సైగారు పిలుస్తాండారు, పదండి, ఒక్క సహి అంతే," అన్నాడు. సహి అంటే సంతకమే కదా, ఏదో బడికి సంబంధించిన పని అనుకున్నాను. జీపులో కూర్చున్నాక గానీ దేనికో చెప్పలేదు.

స్టేషన్లో ఎస్సై కుర్చీ చూపించి టీ తెప్పించాడు. వయసులో చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. పోలీసులు సోదా చేసి ఏదైనా పట్టుకుంటే ఇద్దరు సాక్షుల ముందు రాసే కాగితాన్ని మా వైపు మహజరు అంటారు. సాక్షులుగా ప్రభుత్వ ఉద్యోగులైతే కోర్టులో గట్టిగా నిలుస్తుందట. ఇంకో ఆఫీసు గుమాస్తా ఒకతను అప్పటికే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. రెండో సాక్షిగా నేను కావాలి.

కాగితం నా ముందు పెట్టారు. బల్ల మీద ఆ గోధుమరంగు నోటుబుక్కు ఉంది.

చదివాను. గురువారం ఉదయం పది గంటలకు పంచుల, అంటే సాక్షుల, సమక్షంలో నిందితుడి ఇల్లు సోదా చేశారని, జనానికి పంచడానికి తయారుచేసుకున్న దేశవ్యతిరేక రాతలు దొరికాయని, అవి తానే రాశానని అతను పంచుల ముందు ఒప్పుకున్నాడని అందులో ఉంది. గురువారం పది గంటలకు నేను ఐదో తరగతిలో పద్యం చెప్తున్నాను.

"నేను ఆ ఇంటికి పోలేదు కదా సార్," అన్నాను.

ఎస్సై నవ్వాడు. "తెలుసు మేడం. ఇది ప్రొసీజరు అంతే. మీరు కూడా అదే చర్చి కదా? ఆదివారం ఉన్నారంట. ఆ వీడియోలో ఆమెన్ అన్న గొంతులు చానా ఉండాయి. అవన్నీ ఎవరివో కనుక్కోమంటాండారు పైవాళ్ళు. నేనే వద్దు అంటాండా."

ఆ తర్వాత నేనేమీ అడగలేదు. నాకు రిటైర్‌మెంటుకు ఇంకా మూడేళ్ళు. ఉద్యోగం పోతుందని, పేపర్లో పడుతుందని, కూతురి అత్తగారింట్లో తెలుస్తుందని, ఒక్క నిమిషంలో ఇవన్నీ అనుకున్నాను. ఆయన మా అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకొని కట్టు విప్పే దృశ్యం కూడా కళ్ళ ముందుకు వచ్చింది. దాన్ని పక్కకు నెట్టాను.

ఇంకొకటి చేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. ఆ కాగితంలో సార్వజనిక అనే మాటకు దీర్ఘం పడలేదు. చేతిలో కలం ఉంది, ముప్పై ఏళ్ళ అలవాటు. "ఇక్కడ దీర్ఘం రావాల," అని వేలితో చూపించాను. కాగితాలు రాసే స్టేషన్ రైటరు దిద్దాడు. "టీచర్ అంద్రె టీచర్!" అని మెచ్చుకున్నాడు. ఆ అబద్ధం తప్పుల్లేకుండా తయారయ్యాక కింద సంతకం పెట్టాను. తిరిగి జీపులోనే దింపారు. చివరి పీరియడ్ పాఠం కూడా చెప్పాను.

పది రోజుల తర్వాత మిలిటరీ అన్న భార్య మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను వదినా అని పిలిచేదాన్ని. చేతిలో వకీలు ఇచ్చిన మహజరు జెరాక్సు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"టీచరమ్మా, మా ఇంటికి నువ్వు ఎప్పుడొచ్చింటివమ్మా?" అంది.

నేను తలుపు రెక్క పట్టుకున్నాను.

"నాకు కన్నడ సదవనీకి రాదు. వకీలు సదివి జెప్పినాడు. నీ పేరు సెప్తానే నేను నమ్మలేదు. అదే పేరుతో ఇంకెవురో ఉంటారులే అంటి. ఈడ సూడు, ఇది నీ సహీనేనా?"

"పైనుంచి ఆర్డరు వదినా. నా చేతిలో ఏం లేదు," అన్నాను.

"ఆయన ఒప్పుకున్నాడని రాసిండారంట. నీ ముందర ఒప్పుకున్నాడా?"

లోపలి నుంచి మా ఆయన పిలిచినట్టు నటించి, వస్తున్నా అంటూ తలుపు దగ్గరికి వేశాను. ఆమె ఎంతసేపు నిలబడిందో తెలియదు. మా ఆయన ఆ వేళ ఇంట్లోనే లేడు.

ఐదు వారాలకు మిలిటరీ అన్నకు బెయిలు దొరికింది. అప్పటికే నర్సింగ్ హోమ్ వాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు. భార్య చెల్లెలు కంప్లి దగ్గర ఎమ్మిగనూరులో ఉంటే అక్కడికి వెళ్ళిపోయారు. సంఘంలో ఆయన మాట ఎవరూ ఎత్తలేదు. పాస్టరుగారు ఆ తర్వాత ప్రార్థన చేసేవాళ్ళ పేర్లు ముందే రాసుకోవడం మొదలుపెట్టారు. సరిహద్దులో కాల్పులు ఆగిపోయాయి. జనం ఇంకో సంగతిలో పడ్డారు. నేనూ బడికి పోతూ వస్తూ ఉన్నాను.

కోర్టు సమన్లు వచ్చేసరికి నేను రిటైరై రెండు నెలలైంది. పెన్షన్ ఆర్డరు చేతికొచ్చింది. ఆ సమన్లు చూసి, నిజం చెప్పేస్తాను అనుకున్నాను. అంత ధైర్యం నాలో ఎక్కడిదో అని నాకే ఒక క్షణం సంతోషం వేసింది. తర్వాత ఆలోచిస్తే అది ధైర్యం కాదు, ఇప్పుడు ఎవరూ నన్ను తీసేయలేరన్న లెక్క.

మా ఆయన అన్నాడు, "ఆ ఇంటికి పోయినానని చెప్పొద్దు. పోలేదనే చెప్పు. అయితే సదివి సహి చేసినా అని మాత్రం చెప్పొద్దు. నిన్నే లోపలేస్తారు. తెల్లకాగితం మీద తీసుకున్నారని చెప్పు, సరిపోతాది."

బోనులో నిలబడ్డాను. మిలిటరీ అన్న ఎదురుగా, చేతులు ముందుకు కట్టుకొని, సన్నబడి ఉన్నాడు. నేను ఆ ఇంటికి పోలేదని చెప్పాను. సోదా చూడలేదని చెప్పాను. ఆయన నా ముందు ఏదీ ఒప్పుకోలేదని చెప్పాను. సర్కారు వకీలు నన్ను ఎదురు తిరిగిన సాక్షి అన్నాడు. జడ్జిగారు కాగితం మీద నుంచి తలెత్తి అడిగారు.

"మీరు చదివి సంతకం పెట్టారా?"

"లేదు సార్. ఖాళీ కాగితం మీద పెట్టించుకున్నారు."

అన్న నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను దేన్నైనా చదవకుండా సంతకం పెట్టే మనిషిని కానని సంఘంలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. సంఘం పుస్తకాల్లో తప్పులు దిద్దేదాన్ని నేనే.

ఆ గుమాస్తా కూడా నాలాగే చెప్పాడట. కేసు నిలవలేదు. ఆయన్ని విడిచిపెట్టారు.

నెల తర్వాత కంప్లి బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. ఊరి చివర రేకుల గదిలో, చెరకు నరికే కూలీల గాయాలకు కట్లు కడుతూ ఉన్నాడు. ఒకామె మడమ తెగింది. అది అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాను. ఆమె పోయాక నేనే మొదలుపెట్టాను.

"అన్నా, కోర్టులో చెప్పింది కూడా అబద్ధమే. చదివే పెట్టినాను. తప్పు కూడా దిద్దినాను."

ఆయన చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. "తెలుసుమ్మా," అన్నాడు.

"క్షమించు అన్నా."

"ఏం జెప్పాల ఇప్పుడు నేను? క్షమించినా అంటే నువ్వు బస్సెక్కి పోతావు. నీకు తేలికైతాది. నేను యాడికి పోవాల? ఈడ గూడా కొత్తగా వచ్చేటోళ్ళు ఫోన్లో ఆ ముక్క సూపిచ్చి, నువ్వేనంట గదా ఇది అంటారప్పా."

కోపంగా అనలేదు. లోపల పాత్రల చప్పుడు వినిపిస్తూ ఉంది గానీ వదిన బయటికి రాలేదు.

"నన్నేం చేయమంటావు?" అన్నాను.

"ఆ మాట యాడ అన్నానో ఆడ సెప్పు. నేనేం ప్రార్థన చేస్తినో మొత్తం సెప్పు. నువ్వేం చేస్తివో అదీ సెప్పు. కోర్టు నన్ను ఇడిసిపెట్టింది, మనోళ్ళు ఇడిసిపెట్టలేదు."

సరే అన్నాను. ఆ వచ్చిన ఆదివారం లేచి చెప్పలేకపోయాను. ఆ పై ఆదివారం చర్చికే పోలేదు, ఒంట్లో బాగాలేదని చెప్పాను. మూడో ఆదివారం, సంఘంవాళ్ళు తమ అనుభవాలు చెప్పుకొనే సాక్ష్యాల సమయంలో లేచాను. ఆయన ప్రార్థన నాకు మాట మాటా గుర్తుంది, అది మొత్తం చెప్పాను. తర్వాత స్టేషన్, దీర్ఘం, తలుపు, కోర్టు, వరసగా చెప్పాను. మా ఆయన మొదటి వరసలో తల దించుకొని కూర్చున్నాడు. చివర్లో ముందున్న బెంచీ పట్టుకున్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకొని పాట నంబరు చెప్పారు. బయటికి వచ్చాక ఒకామె నా చెయ్యి పట్టుకొని, "ఎందుకమ్మా పాతవన్నీ తవ్వుకొనేది? నీకేమన్నా అయితే?" అంది. మంచి మనసుతోనే అంది. ఆ వీడియో తీసిన చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాట్లాడుతున్నంతసేపు అది ఆ బెంచీల్లో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఎమ్మిగనూరుకు ఫోను చేసి చెప్పాను. వదినే తీసింది. "చెప్తాలే ఆయనకు," అని పెట్టేసింది.