మా ఇంట్లో తీయని సూది

మొన్న రాయదుర్గంలో కంటి డాక్టరమ్మ నా కళ్ళలో చుక్కలు వేసి, దీపం పట్టుకొని లోపలికి తొంగి చూస్తుంటే, నలభై ఏళ్ళ కిందట స్పృహ లేకుండా పడి ఉన్న మా అన్న కంట్లోకి ఇలాగే చూసిన డాక్టరు గుర్తొచ్చాడు.

అప్పుడు నేను మలేరియా శాఖలో ఉండేవాణ్ణి. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సైకిలు మీద వచ్చి, జ్వరమున్నవాళ్ళ వేలు సూదితో పొడిచి, గాజుపలక మీద చుక్క నెత్తురు పూసుకొని, గోడ మీద తేదీ రాసి పోయే మనిషి. గుమ్మఘట్ట పక్క పల్లెల్లో కొందరు తెలుగులో, కొందరు కన్నడంలో తిట్టేవాళ్ళు. రెండూ నాకు బాగానే అర్థమయ్యేవి. మా నాయనకైతే తల కొట్టేసినట్టుండేది. తరతరాలుగా అంగడి నడుపుకొనే ఇంట్లో పుట్టి, ఊరివాళ్ళ వేళ్ళు పొడుచుకుంటూ తిరగడమేమిటని ఆయన బాధ. బంధువులు అడిగితే గవర్నమెంటులో ఉన్నాడని చెప్పి మాట మార్చేవాడు.

ఆ వేసవిలో అన్న చింతపండు కొనుగోలుకు కొండ ప్రాంతాలకు పోయి, నెల రోజులుండి వచ్చాడు. వచ్చిన వారానికే జ్వరం. ఇక్కడ నా తప్పు దాచుకోను. ఊరందరి వేళ్ళు పొడిచినవాణ్ణి, మా ఇంట్లో మాత్రం సూది తీయలేదు, గోడ మీద తేదీ వేసి ఊరుకున్నాను. అన్న నాకు తండ్రి తర్వాత తండ్రి, ఆయన చెయ్యి పట్టుకొని పొడవడమా అని మొహమాటం. వడదెబ్బలే అని ఆయనా తీసిపారేశాడు. మూడో రోజు అంగట్లో కూర్చొని పొంతన లేకుండా మాట్లాడితే, ఎండకు తల వేడెక్కిందని నాయన ఇంటికి పంపి మజ్జిగ తాగించాడు.

అప్పుడు మా వదిన, మామగారి ఎదుట ఏనాడూ తలెత్తి మాట్లాడని మనిషి, వంటింటి గడప దాటి వచ్చింది. "మీ యన్న నిన్న పొద్దుట్నుంచి ఒంటేలుకు పోలేదబ్బీ. అన్ని చెంబులు తాగినా ఒక్క చుక్క గూడా రాల్యా."

మా కరువు నేలలో ఎండాకాలం మూత్రం తగ్గడం, రంగు ముదరడం అందరికీ మామూలే గనుక, ఎండలకు అంతేలేమ్మా అన్నాడు నాయన. మలేరియా ముదిరితే మూత్రం ఆగిపోతుందని శిక్షణలో చెప్పిన మాట నాకు మాత్రం గుర్తొచ్చింది. అన్న వేలు పొడిచి, ఆ పలక పట్టుకొని మిట్టమధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి పోయాను. మైక్రోస్కోపులో చూసిన లాబ్ ఆయన నన్నూ చూడమన్నాడు. ఎర్రకణాల్లో సన్నని ఉంగరాల్లాంటి మలేరియా క్రిములు, లెక్కలేనన్ని. జీపు మాట్లాడుకొని ఇల్లు చేరేసరికి అన్నకు ఫిట్స్ వచ్చి ఉన్నాయి.

అదే జీపులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోతే, అక్కడి డాక్టరు కంటిలోకి చూసి, వెనక పొర మీద నెత్తుటి చుక్కలు, తెల్లటి మచ్చలు ఉన్నాయన్నాడు. క్రిమి చేరిన కణాలు సన్నటి నాళాల్లో అంటుకుపోయి దారి మూసేస్తాయని, కంట్లో కనబడేదే మెదడులోనూ జరుగుతోందని, మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయని విడమరచి చెప్పాడు. పలక తీసింది నేనేనని తెలిసి నా భుజం తట్టాడు. నాయన చూస్తూనే ఉన్నాడు.

క్వినైన్ ఎక్కించారు, మూత్రపిండాలు చేయలేని పనికి బదులుగా పొట్టలోకి గొట్టంతో మందునీళ్ళు పంపి, మలినాలతో సహా బయటికి తీసి నెత్తురు శుద్ధి చేశారు. నాలుగో రోజు అన్న కళ్ళు తెరిచాడు గాని, అంతా మసకగా ఉందన్నాడు, కన్నకూతుర్నే పోల్చుకోలేకపోయాడు. ఆరో రోజు గొట్టంలో మూత్రం కనబడగానే వదిన వరండాలో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ ఆ సంగతి చెప్పుకొని ఏడ్చింది. నెల తిరిగేసరికి చూపూ, తెలివీ రెండూ తిరిగొచ్చాయి.

ఆ తర్వాత నాయన అంగడికి ఎవరు నీరసంగా వచ్చినా వదిలేవాడు కాదు. "ఏమప్పా, ఒళ్ళు కాల్తాండాదా? మా చిన్నోడు మలేరియాలో ఉండాడు, వేలు సూపిచ్చుకో పో." ఏ ప్రమోషనూ నాకు అంత సంతోషమివ్వలేదు.

ఇప్పుడు మా పక్క ఆ జ్వరం దాదాపు కనబడదు. ఇల్లిల్లూ తిరిగే మా పని అక్కరలేకుండా చేసుకున్నది మేమేనని నాకు గర్వం. అంతకన్నా గర్వం మా వదినను తలచుకుంటే. ఈనాటి కోడళ్ళు అలాంటి మాట చెప్పడానికి క్షణం కూడా ఆలోచించరు, అది మంచిదే. కానీ ఆ గడప దాటడానికి ఆనాడు ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో, మా మనవరాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.