నీలత్త వేలు

ఏళ్ళ తరబడి రంగు తొట్లలో నూలు ముంచితే మనిషి పేరుకి కూడా రంగంటుకుంటుంది కాబోలు, ఆమెను వీధంతా నీలత్త అనే పిలిచేది. మోచేతుల దాకా నలుపు తిరిగిన నీలం. అన్నం కలిపినా, పసిబిడ్డనెత్తుకున్నా అవే చేతులు.

ఆ చేతులే ఆమె ఓటు పోగొట్టాయి. కిందటిసారి సిరాచుక్క పెట్టే గుమాస్తా ఆమె వేలు చూసి, "ఇదివరకే వేసొచ్చావు, పో" అన్నాడు. అలా తిరిగొచ్చింది ఆమె ఒక్కతే కాదు. వీధిలో ఆడవాళ్ళందరిదీ ఆ కార్ఖానా పనే, ఆ వేళ్ళే. మిగిలినవాళ్ళు సిగ్గుపడి అటు పోనేలేదు. తర్వాత మంచినీటి గొట్టం పక్కవీధి దాకా వచ్చి ఆగిపోయింది. అడగబోతే గెలిచినాయన నవ్వాడు. "మీ వీధి ఆడవాళ్ళలో ఓటేసిందెవరు? లేనివాళ్ళకి నీళ్ళెందుకు?" బోరింగు కొడితే కార్ఖానా రంగే వస్తోంది. ఆ నీళ్ళు తాగే కోడలికి ఒక కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ ఆరో నెల.

ఈసారి పోలింగు రోజు పొద్దున్నే నీలత్త ఇటుక పొడితో చేతులు రుద్దుకుంది. తోలు లేచింది గాని రంగు పోలేదు.

"గెలిచేది మళ్ళీ ఆ కార్ఖానా యజమాని బావమరిదేగా," అన్నాడు మంచం మీంచి మొగుడు. "ఏ రాయైతేనేం, పళ్ళూడగొట్టుకోవడానికి."

"రాయి కోసం కాదయ్యా. మనకీ పళ్ళున్నాయని వాళ్ళకి తెలియాలిగా."

పోలింగు పెట్టిన బడిలో గుమాస్తా మళ్ళీ పాత పాటే పాడాడు. ఆమె పది వేళ్ళూ బల్ల మీద పరిచింది. "పది ఓట్లేశానా బాబూ?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా నవ్వలేదు, పక్కన కూర్చోమన్నాడు. మధ్యాహ్నం దాటాక పెద్ద అధికారి జాబితాలో ఆమె పేరు పక్కన ఓటేసినట్టు గీత లేదని చూసి, విసుక్కుంటూనే పంపించాడు. సిరాచుక్క నలుపులో నలుపై కలిసిపోయింది.

వీధి మొగలో ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. ఆమెను వెయ్యనిస్తే తామూ పోదామని.

"ఏదత్తా, గుర్తు చూపించు."

వేలు చాపింది. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇంతసేపూ కూర్చోబెట్టి తరిమేసుంటారు," అంది తొట్టి దగ్గర ఆమెతో పనిచేసే జోడీ. "మమ్మల్నీ ఆ అవమానానికే పంపుతావా?"

నీలత్త ఒట్టు మీద ఒట్టు వేసింది. ఒక్కరూ కదల్లేదు. పొద్దు వాలుతోంది, కాసేపట్లో బడి గేటు మూసేస్తారు. గుంపులో ఉన్న కోడలి రెక్క పట్టుకుని బడివైపు నడిచింది. ఏం జరుగుతుందో చూద్దామని మిగతావాళ్ళూ వెనకే వచ్చారు.

గుమ్మంలోనే గుమాస్తా అడ్డం వచ్చాడు. "నువ్వు వేసేశావు కదమ్మా. మళ్ళీ ఎందుకొచ్చావు?"

ఆ మాట వెనకున్న వాళ్ళందరికీ వినబడింది.

"అవును, నేను వేశాను," అంది నీలత్త వాళ్ళవైపు తిరిగి. "వీళ్ళింకా వెయ్యలేదు."

కోడలు వచ్చి పది వేళ్ళూ బల్ల మీద పరిచింది. ఆమె వెనక జోడీ నిలబడింది.

గెలిచింది మళ్ళీ ఆ బావమరిదే. నీళ్ళడగడానికి పోతే ఈసారి నవ్వలేదు. "చూద్దాం," అన్నాడు. ఆ చూసేదేదో కోడలికి నెలలు నిండేలోగా చూస్తాడో లేదో. నీలత్త బోరింగు దగ్గర బిందెకి నాలుగు మడతల గుడ్డ కట్టి కొడుతూనే ఉంది. గుడ్డ నీలమవుతోంది, కిందికి దిగే నీళ్ళూ నీలంగానే ఉన్నాయి.