నాన్న అన్న ఆమేన్

తడిసిన సిమెంటు రేకుల వాసన వస్తే, రేపల్లె చర్చిలో మా సంఘమంతా మోకరించిన ఒక సాయంత్రం గుర్తొస్తుంది. తాత పెంకులతో మొదలుపెట్టిన కొట్టును నాన్న రేకులతో నడిపేవాడు. తుఫాను గాలికి ఇళ్ల కప్పులు లేచిపోయిన ఏడాదే మాకు బేరాలు. ఆ సాయంత్రం నాటికి గోదాము నిండా అమ్ముడుపోని రేకులే.

తుఫానును మళ్లించమని అందరూ ఎలుగెత్తి ప్రార్థిస్తుంటే నాన్న పెదవులు కదల్లేదు. మాటలు మర్చిపోయాడనుకుని చెవిలో అందించాను.

"గాలిని మళ్లించు ప్రభువా అనాలి నాన్నా!"

"తెలుసులేవే. నువ్వను, నేను ఆమేన్ అంటా."

ఆమేన్ అన్నాడు, అందరికంటే ఆలస్యంగా.

ఇప్పుడు ఆ కొట్టు నాది. ఈ ఉదయం మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చింది. సంఘంతోపాటు మోకరించి కళ్లు మూసుకుంటే గోదాములోని రేకులే కనిపించాయి. గాలిని మళ్లించమని దేవుడికి అబద్ధం చెప్పలేకపోయాను. పక్కనున్న, పెనుమూడి నుంచి వచ్చిన అత్త తన ఇంటికోసం ఏడుస్తూ ప్రార్థిస్తోంది. ఆమె ముగించాక, ఆలస్యంగా, ఆమేన్ అన్నాను.